తపస్సు మాను కింద ఒకే టేక్

2023 వేసవి. తిరుపతిలో అలిపిరికి వెళ్ళే దారిలో ఉన్న ఒక కళాశాలలో, సినిమా నిర్మాణం బోధించే పీజీ కోర్సులో నేను ఎడిటింగ్ చెబుతున్నాను. అంతకు ముందు చాలా ఏళ్ళు మద్రాసు ఎడిటింగ్ గదుల్లో పనిచేశాను. ఫిల్మును కత్తిరించి అతికించే రోజుల్లో నేర్చుకున్నదాన్ని కనుక, వస్తువులు వాటి చోట ఉండాలన్న పట్టుదల నాకు కొంచెం ఎక్కువ. మా ఎడిటింగ్ గదిలోకి చెప్పులతో గానీ టీ గ్లాసుతో గానీ ఎవరూ రారు. గంట కొట్టాక తలుపు తీయను. విద్యార్థులు నా వెనుక నాకొక పేరు పెట్టారని తెలుసు గానీ, అదేమిటో నేను విచారించలేదు.

ఎడిటర్ పని ఏమిటని చాలామంది అడుగుతూ ఉంటారు. చిత్రీకరణలో తీసినదంతా ముడిసరుకు. దాన్ని మేము రషెస్ అంటాము. అందులో ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి, ఏ షాట్ తరువాత ఏ షాట్ రావాలి అని తేల్చేది ఎడిటర్. తెర మీద ఒక మనిషి పక్కకు తిరిగి చూస్తే, ఆ మనిషి దేన్ని చూశాడో చూపించాలని ప్రేక్షకుడి మనసు పట్టుబడుతుంది. ఆ చూపుకు జవాబుగా వేసే షాట్‌ను రివర్స్ అంటారు. చూపు వేసి రివర్స్ వేయకపోవడం, ప్రశ్న అడిగి జవాబు వినకుండా లేచిపోవడం వంటిదని నేను ప్రతి బ్యాచికీ మొదటి వారంలోనే చెబుతాను.

ఆ ఏడాది చివరి సంవత్సరం విద్యార్థి మునిశేఖర్. చిత్తూరు దగ్గర పల్లె, మామిడి రైతు కుటుంబం. డిగ్రీ కోసం ఇరవై నిమిషాల చిన్న చిత్రం తీస్తే చాలునని మా నియమం. అతడు పూర్తి నిడివి చిత్రం తీస్తానని నా ముందు నిలబడ్డాడు.

“దేనితో తీస్తావు?” అని అడిగాను.

“కెమెరా ఒగటి అద్దెకు దొరికింది మేడం. రెండోది నా ఫోను. సౌండు రికార్డరు మన డిపార్ట్‌మెంటుది. అన్నం మా అమ్మ పంపిస్తాది.”

“నటులు?”

“మా ఊరోళ్ళే. ఈరోయిన్ మాత్రం మన క్లాసు హేమలత. ఊర్లో అడిగితే ఎవురూ ఒప్పుకోల్యా.”

“అన్నం ఒకటే ఖాయంగా ఉన్నట్టుంది” అన్నాను. అతడు తల వంచుకున్నాడు గానీ వెనక్కి వెళ్ళలేదు. వెళ్ళని విద్యార్థులంటే నాకు గౌరవం. షాట్ డివిజన్, అంటే ప్రతి సన్నివేశాన్నీ ఏయే షాట్లుగా తీయాలో రాసుకునే పట్టిక, ముందుగా చూపిస్తేనే సంతకం పెడతానన్నాను. వారం తిరగకుండా తెచ్చాడు. దస్తూరి బాగాలేదు, ఆలోచన బాగుంది.

కథ ఇది. పెళ్ళై చాలా ఏళ్ళైనా పిల్లలు కలగని ఒక స్త్రీ భారతం ఉత్సవానికి వస్తుంది. మా చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అందులో ఒక రోజు అర్జునుడి తపస్సు. ఊరి బయట తాటిమాను నాటి, మెట్లకు బదులు చీలలు కొడతారు. అర్జున వేషధారి ఉపవాసం ఉండి, ఒక్కొక్క చీల మీద నిలిచి పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. పిల్లలు లేని స్త్రీలు తడిబట్టలతో మాను కింద బోర్లా పడుకుంటారు. దాన్ని వరపడడం అంటారు. పై నుంచి అతడు విభూతి, పూలు, నిమ్మపండ్లు విసిరినప్పుడు లేచి కొంగు పడతారు. పండు పడితే వరం దక్కినట్టు. మునిశేఖర్ కథలో ఆ పండు హేమలత కొంగులో పడుతుంది. పద్దెనిమిదో రోజు నేల మీద పరుండబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుడి బొమ్మ పక్కన భార్యాభర్తలు మాట్లాడుకోవడంతో చిత్రం ముగుస్తుంది.

ఇబ్బంది ఒక్కటే. అర్జునుడు ఏడాదికి ఒకసారే ఎక్కుతాడు. రెండో టేక్ ఉండదు.

అందుకని ఉత్సవానికి ముందు, అర్జునుడి వేషం కట్టే చెంగల్రాయుడి దగ్గరకు నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆయన చిత్తూరులో సైకిళ్ళు బాగుచేస్తాడు. చక్రానికి పంక్చరు వేస్తూనే మాట విన్నాడు.

“మామా, ఒగ పండు ఎర్రచీర మీదికి ఏయగలవా? ముందు వరసలో ఉంటాది, మా సినిమా అమ్మాయి.”

“ఏయలేను.”

“గురి కుదరదా?”

“గురికేం తక్కువరా అల్లుడా, నా సిన్నప్పుడు ఉండేలు పట్టినోణ్ణి. మాను ఎక్కేదాకే నేను సెంగల్రాయుడు. ఎక్కినాక ఎవురికి ఏసేది ఎవురికి మానేది నా సేతిలో ఉండదు. నువ్వు సెప్పినావని ఏసినా అనుకో, కిందుండే ఆడోళ్ళకి నేను యేం సమాదానం సెప్పేది?”

మునిశేఖర్ ముఖం చిన్నబోయింది. దారిలో నేను అతడికి ఉపాయం చెప్పాను. నిజంగా పండు పడనవసరం లేదు. కొంగు చాచిన హేమలతను అక్కడ తీసి, పండు కొంగులో పడే దగ్గరి షాట్‌ను మరునాడు వేరే చోట తీసి అతికించవచ్చు. దాన్ని ఇన్సర్ట్ అంటారు. ప్రేక్షకుడు కనిపెట్టలేడు. అతడు ఊరడిల్లాడు.

ఉత్సవం కమిటీ పెద్దలు ఒక్క షరతు మీద అనుమతి ఇచ్చారు. మొక్కు ఉన్నవాళ్ళ జోలికి పోకూడదు, ఎవరినీ కదిలించకూడదు. మాట తప్పితే ఆ రోజుతో కెమెరాలు ఊరు దాటాలి. మునిశేఖర్ గుడి ముందు నిలబడి ఒప్పుకున్నాడు.

మామూలుగా నేను షూటింగులకు వెళ్ళను. ఎడిటర్ షూటింగు చూడకూడదని నా నమ్మకం. చూస్తే కష్టపడి తీసిన షాట్ మీద జాలి పుడుతుంది. కానీ ఒకే టేక్ కనుక వెళ్ళి, గొడుగు వేసుకుని ఒక పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నపు ఎండ. నేల కాలిపోతోంది. వరపడే స్త్రీల బంధువులు ఉదయం నుంచే ఎవరి తావు వారు చూసుకుని, బిందెలతో నీళ్ళు పోసి చల్లబరుస్తున్నారు. ముందు వరుసలో నాగవేణి అనే ఆమె కోసం ఆమె అత్తగారు అలా నీళ్ళు పోసి, చుట్టూ పసుపు చల్లింది. నాగవేణికి ముప్పై దాటి ఉంటాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. తడిచీర చుట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా అక్కడ పడుకుని ఉంది.

చెంగల్రాయుడు సగం మాను ఎక్కేసరికి ఎండ దిశ మారింది. అదే వరుసలో ఎర్రచీరతో పడుకున్న హేమలత ముఖం మీద మాను నీడ పడింది. మునిశేఖర్ కంగారు పడడం దూరం నుంచే కనిపించింది. అతడు వంగి వెళ్ళి నాగవేణి పక్కన కూర్చుని ఏదో అన్నాడు. ఆమె లేచి వెనుక వరుసలోకి వెళ్ళి, ఎవరూ నీళ్ళు పోయని చోట పడుకుంది. ఆమె తావులో హేమలత పడుకుంది. అత్తగారు అప్పుడు అక్కడ లేదు, బిందె నింపుకోవడానికి బోరింగు దగ్గరకు వెళ్ళింది.

పైన చెంగల్రాయుడు చివరి పద్యం పాడి జోలెలో చెయ్యి పెట్టాడు. విభూతి గాలికి తేలింది. తరువాత పూలు. తరువాత నిమ్మపండ్లు ఒకటొకటిగా. స్త్రీలందరూ మోకాళ్ళ మీద లేచి కొంగులు చాచారు. ఒక పండు నేరుగా వచ్చి హేమలత కొంగులో పడింది.

గోవింద నామం మారుమోగింది. మునిశేఖర్ కెమెరా ఆ పండు పడడాన్ని పట్టుకుంది. హేమలత మాత్రం కథలో రాసినట్టు పండును కళ్ళకు అద్దుకోలేదు. తల తిప్పి వెనక్కి చూసింది. లేచి, కొంగు మూటగా పట్టుకుని నాగవేణి దగ్గరకు వెళ్ళింది.

“తీసుకో అక్కా. నాకింకా పెళ్ళే కాలేదు. దీన్ని తీసుకుపోయి యేం చేసుకునేది, పప్పులో పిండుకునేదా?”

ఆ మాట అన్నాక తానే నాలుక కరుచుకుంది. నాగవేణి చెయ్యి చాచలేదు.

“వద్దు మా. నా కొంగులో పడలేదు. నువ్విస్తే తీసుకుంటే అది అడుక్కున్నట్లే. నేను అడుక్కునింది ఆయప్పని, నిన్ను గాదు.”

ఆ సమయానికి అత్తగారు బిందెతో వచ్చింది. తాను చల్లిన పసుపు మధ్య ఎర్రచీర పిల్ల అడుగుల గుర్తులు, కోడలు వెనుక దుమ్ములో. ఆమె బిందె కింద పెట్టింది.

“సినిమాకి పండెందుకు? సినిమాకేమన్నా బిడ్డలు పుడతారా?”

కొందరు నవ్వారు. కొందరు మునిశేఖర్ చుట్టూ మూగారు. పండు ఒకసారి ఒకరి కొంగులో పడితే అది వారిదేనని కొందరు, పెళ్ళికాని పిల్లకు వరమేమిటని కొందరు. ఇంకో పండు వేయమందామంటే జోలె ఖాళీ. మళ్ళీ ఏడాది దాకా మాను లేదు. నాగవేణి మోకాళ్ళ మీదే కూర్చుని, ఖాళీ కొంగును పిండుకుంటూ ఉంది. తగాదా ఆమె గురించి కానట్టు ఉంది ఆమె కూర్చున్న తీరు.

చెంగల్రాయుడు కిందికి దిగాడు. గుడిలో హారతి తీసుకునేదాకా వేషం విప్పకూడదు. కిరీటంతోనే వచ్చి నిలబడ్డాడు. జనం చెప్పుకున్నదంతా విని, మాను పైకి ఒకసారి చూసి, నేల వైపు చూశాడు.

“పైనుంచి నాకు మొగాలు అగపడవు. పసుపు అగపడింది. ఆ తావుకు ఏసినా. ఆ తావు ఎవురిది?”

అక్కడ చూసినవాళ్ళు ఉన్నారు, నేనూ చూశాను. కానీ చెప్పవలసినవాడు ఒక్కడే. మునిశేఖర్ ఊరుకుని ఉంటే, హేమలత తానే వచ్చి పడుకున్నదని సర్దుకుపోయేది. చెబితే కమిటీకి ఇచ్చిన మాట తప్పినట్టు తేలుతుంది. చిత్రం ముగింపు ఇంకా తీయలేదు. అతడు కెమెరా ఆపాడు. స్టాండు మీది ఫోను కూడా ఆపి ముందుకు వచ్చాడు.

“ఆ తావు నాగవేణక్కది మామా. ఎండ కోసరం నేనే ఆమెను ఎనక్కి జరిపినా. హేమలత తప్పు లేదు, నేను పండుకోమంటే పండుకునింది.”

చెంగల్రాయుడు హేమలతతో, “పాపా, ఆ తావులోనే నిలబడి కొంగు దులుపు” అన్నాడు. ఆమె దులిపింది. పండు తడినేల మీద పడి, దొర్లి, పసుపు గీత దగ్గర ఆగింది. “రా తల్లీ, నీది నువ్వు తీసుకో” అన్నాడు నాగవేణితో. ఆమె వచ్చి, తన తావులో మళ్ళీ బోర్లా పడుకుని, లేచి, పండును కొంగులోకి తీసుకుంది. అత్తగారు మిగిలిన బిందెడు నీళ్ళూ ఆమె తల మీద పోసింది. అది జరుగుతున్నంతసేపూ కెమెరా, ఫోను రెండూ ఆగి ఉన్నాయి. ఆపమని ఎవరూ చెప్పలేదు.

కమిటీ పెద్ద మునిశేఖర్ భుజం మీద చెయ్యి వేశాడు. “నిజం సెప్పినావు, మంచిదే. మాట మాటే గదా అబ్బోడా. రేపట్నించి మీ డబ్బాలు ఈడ అగపడకూడదు. నువ్వు మాత్రం రా, అన్నం తినిపో.”

అలా చిత్రానికి ముగింపు లేకుండా పోయింది.

తిరుపతికి వచ్చి రషెస్ చూశాము. పండు పడే షాట్, హేమలత తల తిప్పే చూపు అద్భుతంగా వచ్చాయి. ఆపైన మాకు తెలియనిది ఇంకొకటి దొరికింది. స్టాండు మీద వదిలేసిన మునిశేఖర్ ఫోను వెనుక వరుసను తీసింది. పండు తన దాకా రాకుండా ముందు వరుసలో పడుతున్నప్పుడు నాగవేణి ముఖం. నేను ఇన్నేళ్ళలో ఎందరో పేరున్న నటీమణుల ముఖాలు కత్తిరించి అతికించాను. అటువంటి ముఖం నా చేతికి రాలేదు. హేమలత చూపు, వెంటనే ఆ ముఖం. అంతే. పోయిన ముగింపు అక్కర్లేదు. చిత్రం అక్కడే పూర్తవుతుంది.

“రివర్స్ దొరికింది. వెయ్యి” అన్నాను.

మునిశేఖర్ మౌస్ ముట్టుకోలేదు. “అడక్కుండా ఎట్ల మేడం? ఒగసారి అడక్కుండానే జరిపినాను గదా.”

“ఈ షాట్ లేకపోతే నీ చూపు గాలిలో నిలబడుతుంది. పరీక్షకుడు మొట్టమొదట అదే అడుగుతాడు. డిగ్రీ సంగతి ఆలోచించు.”

“ఆలోచించినా మేడం. పోయి అడుగుదాం. ఒప్పుకుంటే ఏసుకుందాం.”

విద్యార్థి నాకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. కానీ అడగడంలో క్రమం ఉంది, క్రమాన్ని నేను కాదనలేను. మరుసటి ఆదివారం ఇద్దరమూ బస్సులో చిత్తూరు వెళ్ళాము. మామిడి కాలం కనుక ఫ్యాక్టరీకి ఆదివారం లేదు. షిఫ్టు దిగి గేటు బయటికి వచ్చిన నాగవేణి చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. మునిశేఖర్‌ను గుర్తుపట్టి నవ్వింది.

“యేం తమ్ముడా, ఇంగ యాడికి జరపల్ల నన్ను?”

నేనే విషయం చెప్పాను. ఫోను చేతికి ఇస్తే, చెయ్యి చీరకు తుడుచుకుని తీసుకుంది. చూసింది. మళ్ళీ మొదటినుంచి పెట్టమని చూసింది. పని దిగిన ఆడవాళ్ళు పక్కన నిలబడి తొంగి చూడబోతే ఫోను గుండెకు ఆనించుకుంది.

“నేను ఇట్లుంటానా?” అంది నెమ్మదిగా. “బాగనే తీసినావు. కానీ ఇది వద్దు తమ్ముడా. ఆ పొద్దు నేను ఆ పండు పొయ్యేది సూసి యేమనుకున్నానో నాకు తెలుసు. ఆ పాపని తిట్టుకున్నాను లోపల. ఆ మొగం ఊరందరికీ ఎందుకు?”

“పండు పడేది ఏసుకోవచ్చునా అక్కా?” అని అడిగాడు మునిశేఖర్.

“అది మీ పాప గదా, ఏసుకో. తిరిగి సూసేది కూడా ఏసుకో. పాపం, సూసింది. సానామంది సూడరు.”

మునిశేఖర్ నా వైపు చూశాడు. రషెస్ చెరపకూడదని నేనే అతడికి నేర్పాను. పనికిరాదని తోచిన ముక్కను కూడా దాచిపెట్టమనేది నా గదిలో మొదటి నియమం. నేను తల ఊపాను. అతడు ఆమె ఎదుటే దాన్ని చెరిపేసి, కంప్యూటరులో ఉన్నది కూడా తీసేస్తానని చెప్పాడు. ఆమె ఎవరినీ సాక్ష్యం అడగలేదు. టిఫిన్ క్యారియరులోంచి రెండు మామిడికాయ ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది.

ఆమెకు తరువాత సంతానం కలిగిందా అని ఈ సంగతి విన్నవాళ్ళు అడుగుతారు. నేను విచారించలేదు. అది ఆమె ఇంటి మాట.

చిత్రం హేమలత తల తిప్పి చూసే చోట ఆగిపోతుంది. ఆ తరువాత తెర నల్లగా ఉండి, డప్పు చప్పుడు మాత్రం కాసేపు వినిపిస్తుంది. నేను నేర్పిన వ్యాకరణం ప్రకారం అది తప్పు. ఆ తప్పును నా చేతులతో నేనే మెరుగుదిద్దాను. తీసినదంతా తీసినవారిది కాదని, షాట్ ఎంత బాగున్నా అది ఎవరిదో అడిగిన తరువాతే ఎడిటింగ్ టేబుల్ మీదకు రావాలని నాకు ఆ వేసవిలో తెలిసింది. ఇప్పుడు మొదటి వారం పాఠంలో రివర్స్ గురించి చెప్పిన వెంటనే అది కూడా చెబుతున్నాను. నాకు ఆ పాఠం చెప్పిన మునిశేఖర్‌కు, గేటు దగ్గర ఎండలో నిలబడి ఓపికగా వద్దని చెప్పిన నాగవేణికి రుణపడి ఉన్నాను.

వైవా రోజు వచ్చిన పరీక్షకుడు చిత్రమంతా శ్రద్ధగా చూశాడు. దీపాలు వేశాక నేను అనుకున్న ప్రశ్నే వేశాడు.

“ఆ అమ్మాయి ఎవరిని చూసిందయ్యా? ఆ ముఖం తీయడం మరిచిపోయారా?”

“తీసినాము సార్” అన్నాడు మునిశేఖర్. “అడిగినాము. ఆమె ఇయ్యల్యా.”

పరీక్షకుడు నా వైపు తిరిగాడు. ఇంకొక ప్రశ్న ఉన్నదేమోనని మేమిద్దరమూ నిలబడే ఉన్నాము. ఆయన కలం మూత పెట్టి, ఆ చివరి షాట్‌ను మరొకసారి వేయమన్నాడు.